బేస్ వినిపించడం లేదని చెప్పింది అభిమానులే

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో హార్డ్ రాక్, హెవీ మెటల్ ఆల్బమ్‌ల గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఈ సంగీతానికి మీరు పూర్తి పేజీ కేటాయించడం చూసి ఎంతో సంతోషించాను. వ్యాసకర్త ఎంచుకున్న ఆల్బమ్‌ల మీద నాకు పేచీ ఏమీ లేదు. ఉన్న పేచీ అంతా చివరి పేరాతోనే. ఈ సంగీతం అభిమానుల అభిప్రాయాలకు విలువ ఇవ్వనక్కర్లేదనీ, అవి వీరాభిమానంలోంచి పుట్టినవే తప్ప వినికిడిలోంచి పుట్టినవి కావనీ, ఈ రోజు తిట్టిన ఆల్బమ్‌నే పదేళ్ల తర్వాత వాళ్లు నెత్తిన పెట్టుకుంటారనీ ఆయన రాశారు. నేను ఈ ఆల్బమ్‌లను ముప్ఫై ఆరేళ్లుగా వింటున్నాను. ఆ మాట తప్పని చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా ఒక సవరణ. ఏసీ డీసీ బృందం 'బ్యాక్ ఇన్ బ్లాక్'ను బాన్ స్కాట్ పాడిన చివరి ఆల్బమ్‌గా వ్యాసం పేర్కొంది. బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న చనిపోయారు. ఆ ఆల్బమ్ అదే ఏడాది జూలై 25న వచ్చింది. అందులో ప్రతి పాటా పాడింది ఆయన స్థానంలో వచ్చిన బ్రయాన్ జాన్సన్. బాన్ స్కాట్ గొంతుతో వచ్చిన చివరి ఆల్బమ్ 1979 నాటి 'హైవే టు హెల్'. తేదీల పట్టింపుతో ఈ మాట అనడం లేదు. ఆ ఆల్బమ్ అట్ట అంతా ఎందుకు నల్లగా ఉందో, మొదటి పాట ఎందుకు గంట మోతతో మొదలవుతుందో తెలియాలంటే ఫిబ్రవరికీ జూలైకీ మధ్య ఏం జరిగిందో తెలియాలి. పోయిన స్నేహితుడి కోసం మోగిన గంట అది. దాని తర్వాత వచ్చే పాటల్లో ఏడుపు ఎక్కడా లేదు, ఉత్సాహమే ఉంది. ఆ ఉత్సాహం ఎంత కష్టపడి తెచ్చుకున్నదో గంట మోత విన్నవారికే తెలుస్తుంది. చనిపోయిన మనిషే పాడాడని రాస్తే ఆల్బమ్‌కు ఆయువుపట్టు పోతుంది. ఈ పొరపాటు ఏ అభిమానీ చేయడు.

నా వృత్తి వినికిడి పరీక్షలు చేయడం. ఇరవై ఆరేళ్లుగా రోజూ మనుషులను నిశ్శబ్దంగా ఉండే చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, 250 హెర్ట్జ్ నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఒక్కో ధ్వనినీ వినిపిస్తాను. వినిపించినప్పుడు మీట నొక్కమంటాను. గీసిన రేఖ చూసి ఎవరికి ఏది వినిపిస్తోందో, ఏది వినిపించడం లేదో చెబుతాను. "ఏదో తేడాగా ఉందమ్మా, ఏమిటో చెప్పలేకపోతున్నాను" అని ఎవరైనా అంటే తేడా తప్పకుండా ఎక్కడో ఉంటుంది. వాళ్లు దానికి పేరు పెట్టలేకపోవచ్చు, కారణం తప్పుగా చెప్పవచ్చు. వినికిడి మాత్రం అబద్ధం కాదు. ఈ పని నాకు మొదట నేర్పింది ఆ మాటను పెడచెవిన పెట్టకూడదని. నిజానికి ఈ పనిలో చేరకముందే దాన్ని ఒక క్యాసెట్ దగ్గర నేర్చుకున్నాను.

నాకు పదహారేళ్లప్పుడు అన్నయ్య మెటాలికా వారి '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' క్యాసెట్ తెచ్చాడు. 1988లో విడుదలైన ఆల్బమ్ అది. గిటార్లు రంపాల్లా కోస్తున్నాయి, డ్రమ్ములు టకటకమని పొడిగా మోగుతున్నాయి. కింద ఉండవలసిన మంద్రధ్వని మాత్రం లేదు. నేల లేని ఇంట్లో నడుస్తున్నట్టు ఉంది. టేపు రికార్డర్ హెడ్‌కు మురికి పట్టిందనుకున్నాం. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాం. లాభం లేదు. అన్నయ్య సన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్ వాలును అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడూ అంతే. చివరికి అదే బృందం 1986లో చేసిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పెట్టి చూశాం. 'ఓరియన్' పాటలో క్లిఫ్ బర్టన్ వాయించిన బేస్ గిటారు, అంటే మంద్రస్వరాలు పలికే గిటారు, గది నిండా పరుచుకుంది. "యంత్రం బాగానే ఉంది చెల్లీ, పాటలోనే ఏదో పోయింది" అన్నాడు అన్నయ్య.

పోయినదేమిటో తర్వాత చాలా ఏళ్లకు తెలిసింది. క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో మరణించారు. ఆయన స్థానంలో వచ్చిన జేసన్ న్యూస్టెడ్ ఈ ఆల్బమ్‌లో అన్ని పాటలకూ బేస్ వాయించారు. కానీ విడివిడిగా రికార్డు చేసిన వాయిద్యాలను ఒకటిగా కలిపే మిక్సింగ్ దశలో ఆ బేస్‌ను దాదాపు వినపడనంతగా తగ్గించారు. డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ అలా తగ్గించమన్నారని మిక్సింగ్ చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్ తర్వాతి కాలంలో చెప్పారు. దానికి తోడు న్యూస్టెడ్ చాలా చోట్ల గిటారు రిఫ్‌నే, అంటే మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల వరుసనే, స్వరం స్వరం అనుసరించి వాయించారు కాబట్టి, మిగిలిన కొద్దిపాటి బేస్ కూడా గిటార్ల వెనుక దాగిపోయింది. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, మామూలు గిటారు అడుగు తీగ 82 దగ్గర. అంటే ఒక స్థాయి (ఆక్టేవ్) మొత్తం తేడా. ఆ స్థాయి తీసేస్తే ఎవరి చెవికైనా తెలుస్తుంది. మాకు తెలిసినట్టే ఎక్కడెక్కడో ఉన్న వినేవాళ్లందరికీ తెలిసింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆ ఆల్బమ్ మాట వస్తే అభిమానులు మొదట అడిగేది బేస్ గురించే. కొందరు సొంతంగా బేస్ పెంచి ప్రతులు తయారు చేసుకుని విన్నారు. 2018లో ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు బృందం ఆ మిక్సింగ్‌ను ముట్టుకోలేదు. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను, అప్పుడు చేసిన పనిని అప్పటి రూపంలోనే ఉంచడంలో నిజాయితీ ఉంది. కానీ లోపం ఉందన్న మాట ముప్ఫై ఏళ్లపాటు వదలకుండా చెప్పింది అభిమానులే. వీరాభిమానమే అయితే, ప్రాణంగా ప్రేమించే ఆల్బమ్‌లో లోపాన్ని ఎందుకు వెతుకుతారు?

ఇదే ఆల్బమ్ విషయంలో నిపుణుల చెవి ఎలా పని చేసిందో కూడా చెప్పాలి. 1989లో గ్రామీ పురస్కారాల్లో మొదటిసారి హార్డ్ రాక్, మెటల్‌కు ఒక విభాగం పెట్టారు. మెటాలికా పోటీలో ఉంది. పురస్కారం మాత్రం వేణువు ప్రధానంగా వాయించే జెథ్రో టల్ బృందానికి ఇచ్చారు. జెథ్రో టల్ గొప్ప బృందమే, వారి పాటలు నాకూ ఇష్టం. ఆ ఎంపిక విని సభలో ఉన్నవారే నిర్ఘాంతపోయారు. ఇంకా వెనక్కి వెళితే, 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌ను రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ తీసిపారేశారు. వినేవాళ్లు దాన్ని బ్రిటన్ పట్టికలో 8వ స్థానానికి చేర్చారు. వర్షం, గంట, మూడు స్వరాల ఆ రిఫ్ మొదలైన క్షణంలో ఏదో కొత్తది పుట్టిందని విమర్శకుల కన్నా ముందు వాళ్లకు తెలిసింది.

బ్లాక్ సబ్బాత్ మొదటి గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ తర్వాత సొంతంగా చేసిన ఆల్బమ్‌ల సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 'బ్లిజార్డ్ ఆఫ్ ఓజ్' 1980లో, 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మ్యాన్' 1981లో వచ్చాయి. రెండింటిలోనూ గిటారు ర్యాండీ రోడ్స్‌ది, బేస్ బాబ్ డైస్లీది, డ్రమ్ములు లీ కెర్స్‌లేక్‌వి. రెండో ఆల్బమ్ బయటికి వచ్చేసరికి డైస్లీ, కెర్స్‌లేక్‌లు బృందంలో లేరు. అట్ట మీద వాళ్ల పేర్లకు బదులు తర్వాత చేరిన ఇద్దరి పేర్లు వేశారు. తర్వాత రాయల్టీల విషయమై కోర్టు వ్యవహారాలు నడిచాయి. 2002లో ఈ రెండు ఆల్బమ్‌లనూ మళ్లీ విడుదల చేసినప్పుడు వాళ్లిద్దరి వాయిద్యాలను చెరిపేసి, వేరే ఇద్దరు మంచి కళాకారులతో బేస్, డ్రమ్ములు కొత్తగా వాయించి అతికించారు. మొదట పేర్లు పోయాయి, తర్వాత చేతుల చప్పుడే పోయింది.

ఆ సంగతి తెలియక ముందే ఆ కొత్త సీడీ నా చేతికి వచ్చింది. 'డైరీ'లో మొదటి పాట 'ఓవర్ ది మౌంటెన్' డ్రమ్ములతో మొదలవుతుంది. ఆ దరువు నాకు కంఠస్థం. సీడీలో అది వేరేలా ఉంది. స్వరాలు అవే, బరువు అది కాదు. పక్కింటి వాళ్లు మన తలుపు తట్టడానికీ, ఇంట్లో మనిషి తట్టడానికీ ఉండే తేడా అది. అన్నయ్యకు ఫోను చేసి, నా చెవులకు ఏమైనా అయిందేమో పరీక్ష చేయించుకుంటానన్నాను. "నీ చెవులకేం కాలేదు, నేనూ నిన్ననే విన్నాను, నాకూ అలాగే ఉంది" అన్నాడు. అభిమానులు ఏళ్ల తరబడి అడిగారు. 2011లో మళ్లీ విడుదలైన ప్రతుల్లో డైస్లీ బేస్, కెర్స్‌లేక్ డ్రమ్ములు తిరిగి వచ్చాయి. కెర్స్‌లేక్ 2020 సెప్టెంబరులో పోయారు. తాను వాయించినది తిరిగి తన స్థానంలోకి రావడం ఆయన చూసి వెళ్లారన్నది నాకు కొంత ఊరట.

మూడో సంగతి నా వృత్తికి దగ్గరిది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత పాత వేగం, పొడవైన పాటలు, గిటారు సోలోలు తిరిగి వచ్చాయి. అభిమానులు పండగ చేసుకోవలసిన ఆల్బమ్. కానీ విన్నవారిలో చాలామంది ఒకే మాట అన్నారు: ధ్వని చిట్లుతోంది, పదిహేను నిమిషాలు దాటితే వినలేకపోతున్నాం.

వినికిడి యంత్రాల్లో కంప్రెషన్ అనే ఏర్పాటు ఉంటుంది. మెల్లని ధ్వనిని పైకి లేపి, పెద్ద ధ్వనిని కిందికి నొక్కి, రెండింటినీ దెబ్బతిన్న చెవి తట్టుకోగల ఇరుకు దారిలోకి తెస్తుంది. వినికిడి తగ్గినవారికి అది వరం. మోతాదు మించితే మాత్రం వాళ్లు మూడో రోజే వచ్చి యంత్రం తీసి నా బల్ల మీద పెడతారు. "అన్నీ ఒకే ఎత్తులో వినిపిస్తున్నాయమ్మా. గిన్నె పడ్డా అంతే, మనవరాలు మాట్లాడినా అంతే. సాయంత్రానికి తల బరువెక్కిపోతోంది" అంటారు. 'డెత్ మాగ్నెటిక్' విన్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది ఆ మాటే. ఆల్బమ్‌ను మిగతా వాటికన్నా బిగ్గరగా వినిపించాలన్న ఆరాటంలో పెద్ద ధ్వనుల తలలన్నీ నరికేశారు. డ్రమ్ము మీద కర్ర పడిన క్షణంలో ఉండవలసిన ఉలికిపాటు పోయింది. బిగ్గరతనం అనేది మెల్లదనం పక్కన ఉంటేనే తెలుస్తుంది. అన్నీ బిగ్గర అయిన చోట ఏదీ బిగ్గర కాదు.

దీన్ని కూడా పట్టుకున్నది వినేవాళ్లే. అవే పాటలు ఒక గిటారు వీడియో గేమ్ కోసం కూడా విడుదలయ్యాయి. గేమ్‌లోని ప్రతుల్లో ఆ నొక్కుడు లేదు. అభిమానులు రెండింటి ధ్వని తరంగాల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి కొండల వరుసలా ఉంది, ఇంకొకటి అంచులు కోసేసిన ఇటుకలా ఉంది. ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయమని వేల మంది సంతకాలు చేసి అడిగారు. విడుదలకు ముందు ఆఖరి మెరుగు దిద్దే మాస్టరింగ్ పని చేసిన టెడ్ జెన్సెన్ ఒక అభిమానికి జవాబిస్తూ, తన చేతికి వచ్చేసరికే ధ్వని అలా నలిగిపోయి ఉందని రాశారు. అంటే సామాన్య శ్రోత ఇంట్లో కూర్చుని చెప్పినదీ, స్టూడియోలో ఆ పని చేసిన మనిషి చెప్పినదీ ఒకటే అయింది. ఇటువంటి అభిప్రాయాన్ని అరుపుల కింద జమ కట్టడం ఏం న్యాయం?

అభిమానులు మాట మారుస్తారన్నది నిజమే. నేనూ మార్చాను. దాన్ని తప్పుగా నేను చూడను. 1991 ఆగస్టు 12న మెటాలికా పేరు తప్ప వేరే పేరు లేని నల్ల అట్ట ఆల్బమ్ వచ్చినప్పుడు అన్నయ్య దాన్ని ఒక్కసారి విని పక్కన పెట్టేశాడు. వేగం తగ్గింది, పాటలు చిన్నవయ్యాయి, అందరికీ నచ్చేలా చేశారు అని ఆయన బాధ. నాకు మాత్రం మొదటి రోజే నచ్చింది. కారణం ఒకటే, బేస్ తిరిగి వచ్చింది. నిర్మాత బాబ్ రాక్ న్యూస్టెడ్‌ను గిటార్ల వెనుక నుంచి బయటికి తెచ్చి నిలబెట్టారు. 'సాడ్ బట్ ట్రూ'లో శ్రుతి దించి వాయించిన ఆ బరువు కడుపులో తగులుతుంది. కానీ ఆ ఆల్బమ్ రెండో సగం నీరసంగా ఉందన్న అన్నయ్య మాటను అప్పట్లో ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన కూడా ముప్ఫై ఏళ్ల తర్వాత మొదటి సగానికి తల ఊపాడు. ఇద్దరం ఒకరి చెవితో ఒకరం విన్నాం. దానికి అంత కాలం పట్టింది.

జూడాస్ ప్రీస్ట్ 1986లో 'టర్బో' చేసినప్పుడు గిటారు ధ్వనిని ఎలక్ట్రానిక్ ధ్వనిగా మార్చే గిటారు సింథసైజర్లు వాడారని చాలామంది అలిగారు. అదే ఏడాది ఐరన్ మెయిడెన్ కూడా 'సమ్‌వేర్ ఇన్ టైమ్'లో వాటిని వాడింది. ఒకదాన్ని తిట్టి ఇంకొకదాన్ని మెచ్చుకున్నవారు ఉన్నారు. నా మటుకు నాకు ఆ తేడా సబబుగానే తోస్తుంది. మెయిడెన్ పాటల్లో ఆ యంత్రపు మెరుపు దూరాలను, కాలాన్ని చూపించడానికి పనికొచ్చింది. 'టర్బో'లో చాలా చోట్ల అది పైపూతలా మిగిలింది. అయినా నాలుగేళ్ల తర్వాత, 1990లో, అదే ప్రీస్ట్ కొత్త డ్రమ్మర్ స్కాట్ ట్రావిస్‌తో 'పెయిన్‌కిల్లర్' చేశారు. అది విన్నాక నేను 'టర్బో' దగ్గరికి మళ్లీ వెళ్లి కోపం లేకుండా వినగలిగాను. కోపం తగ్గాక మంచి పాటలు రెండు మూడు దొరికాయి. ఇది మాట మార్చడం అయితే, అవును, మార్చాను.

అన్నయ్యకూ నాకూ ఎప్పటికీ తెగనిది ఇంకొకటి ఉంది: బ్లాక్ సబ్బాత్. ఆయనకు 1980 నాటి 'హెవెన్ అండ్ హెల్', రోనీ జేమ్స్ డియో గొంతు. నాకు 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ', ఓజీ గొంతు. డియో పాడితే రాగం కోట గోడ ఎక్కుతుందని అన్నయ్య అంటాడు. కాదనను. కానీ నాకు సబ్బాత్ అంటే వారి గిటారిస్టు టోనీ ఐయోమీ వేళ్లు. పదిహేడేళ్ల వయసులో రేకుల కార్ఖానాలో యంత్రం కింద పడి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కవలసిన చెయ్యి అదే. కరిగించిన ప్లాస్టిక్‌తో తొడుగులు చేసుకుని, పైన తోలు అంటించుకుని మళ్లీ వాయించడం మొదలుపెట్టారు. తీగలు నొప్పి పెట్టకుండా పలచటివి వాడారు. 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి శ్రుతిని ఒకటిన్నర స్వరం కిందికి దించారు. తీగ వదులైంది, వేలికి సులువైంది, ధ్వని భూమిలోకి దిగింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో బృందాలు వేళ్లన్నీ క్షేమంగా ఉండి కూడా ఆ బరువు కోసమే శ్రుతి దించాయి. దెబ్బతిన్న శరీరంతో సర్దుకుపోతూ మనిషి కనిపెట్టిన దారిని నేను నా గదిలో రోజూ చూస్తాను. అందుకే ఆ ఆల్బమ్ నాకు అంత దగ్గర. ఇది పక్షపాతమే కావచ్చు. కారణం చెప్పిన పక్షపాతం.

ఈ వాదనలో ఒకరోజు అన్నయ్య చూపించినది నా కళ్లు తెరిపించింది. ఆల్బమ్‌ల వెనుక అట్టలన్నీ వరుసగా పేర్చి చిన్న అక్షరాలు చదవమన్నాడు. డీప్ పర్పుల్ 'మెషిన్ హెడ్', రెయిన్‌బో 'రైజింగ్', ఆయన 'హెవెన్ అండ్ హెల్', ఐరన్ మెయిడెన్ 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'. అన్నింటి మీదా ఒక పేరు ఉంది: మార్టిన్ బర్చ్. ఒకదానికి ఇంజనీరుగా, మిగతా వాటికి నిర్మాతగా. 1972 నుంచి 1982 దాకా మేము ప్రాణం పెట్టి పోట్లాడుకున్న ఆల్బమ్‌లలో సగం ఒకే మనిషి చెవి గుండా వచ్చాయి. 'మెషిన్ హెడ్' కథ మరీ విచిత్రం. రికార్డింగ్ కోసం స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ వెళితే, వాడుకుందామనుకున్న క్యాసినో 1971 డిసెంబరు 4న కాలిపోయింది. చివరికి ఖాళీగా ఉన్న ఒక హోటల్ నడవాల్లో వాయిద్యాలు పెట్టి, బయట నిలిపిన వాహనంలోని స్టూడియోలో రికార్డు చేశారు. ఆ నడవాల ప్రతిధ్వనిని బర్చ్ ఎలా మచ్చిక చేశారో వింటే తెలుస్తుంది. గాయకుల పేర్లు అందరికీ తెలుసు. ఈయన 2020లో పోయినప్పుడు బాధపడింది ఎక్కువగా వెనుక అట్ట చదివే అలవాటున్నవాళ్లే.

అన్నయ్య కొడుకు, నా మేనల్లుడు, మమ్మల్ని ఇంకో మలుపు తిప్పాడు. వాడికి అన్నింటికన్నా ఇష్టమైనది మెటాలికా 2003 నాటి 'సెయింట్ యాంగర్'. అందులో స్నేర్ డ్రమ్ము కింది తీగలు వదిలేసి వాయించారు కాబట్టి అది ఖాళీ డబ్బాలా మోగుతుంది. గిటారు సోలో ఒక్కటీ లేదు. నేను, అన్నయ్య ఆ ఆల్బమ్‌ను మొత్తంగా ఎప్పుడూ వినలేదు. "అత్తయ్యా, అది నీకు డబ్బా మోతలా ఉంది. నాకు లోపలి నుంచి ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉంటుంది. బయటికి రాలేని మనిషి అలాగే బాదుతాడు" అన్నాడు వాడు. ఆ ఆల్బమ్ చేస్తున్న కాలంలో గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మద్యం వ్యసనం నుంచి బయటపడడానికి చికిత్సకు వెళ్లి నెలల తరబడి బృందానికి దూరంగా ఉన్నారని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ చప్పుడుకూ ఆ సంగతికీ ముడి వేసుకోలేదు. ఆ రాత్రి మొదటిసారి చివరి దాకా విన్నాను. ఇప్పటికీ నాకు నచ్చలేదు. పాటలు వాటి బలానికి మించి సాగుతాయి. కానీ డబ్బా అన్న మాట మళ్లీ అనలేదు.

వ్యాసంలో ఈ సంగీతం చెవులు పాడు చేస్తుందన్న వాక్యం కూడా ఉంది. దాని గురించి నేను చెప్పక ఎవరు చెబుతారు? చెవిని పాడు చేసేది ధ్వని తీవ్రత, అది వినిపించిన సమయం. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు దాటకూడదని వృత్తి భద్రతా ప్రమాణం చెబుతుంది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ అయితే పదిహేను నిమిషాలే. వాయిస్తున్నది వీణా, గిటారా అన్న తేడా చెవికి లేదు. వేదిక మీద దశాబ్దాలు నిలబడినవారికి ముప్పు నిజమే. ఏసీ డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో పూర్తిగా చెవుడు వచ్చే ప్రమాదముందని వైద్యులు చెప్పడంతో పర్యటన మధ్యలో ఆపవలసి వచ్చింది. ఆయన గొంతుతో 2020లో 'పవర్ అప్' వచ్చినప్పుడు నేను నిజంగా కన్నీళ్లు పెట్టుకున్నాను. కచేరీలకు వెళ్లే యువతీ యువకులు చెవి బిరడాలు తప్పక పెట్టుకోవాలి. వాటితో పాట తగ్గదు, తీవ్రతే తగ్గుతుంది. 4,000 హెర్ట్జ్ దగ్గర వినికిడి రేఖ ఒకసారి గుంటలా పడిపోతే మళ్లీ లేవదు.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఇకపై ఇటువంటి జాబితా వేసినప్పుడు ప్రతి ఆల్బమ్ పక్కన విడుదలైన సంవత్సరం, రికార్డు చేసిన వారి పేరు, విన్నది ఏ ముద్రణ అన్నది వేయించండి. 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మ్యాన్' 1981 ప్రతి విన్న మనిషీ, 2002 ప్రతి విన్న మనిషీ ఒకే ఆల్బమ్ గురించి మాట్లాడడం లేదు. వీలైతే వారానికి ఒక్క ఆల్బమ్ తీసుకుని పాఠకుల అభిప్రాయాలు అడగండి. గొప్పది, చెత్త అన్న మాటలు వద్దు, ఏ పాటలో ఏ చోట ఏం వినిపించిందో రాయమనండి. ఉత్తరాలు తక్కువే రావచ్చు. వచ్చినవి మాత్రం చదవదగ్గవిగా ఉంటాయని నేను హామీ ఇస్తాను. మొదటి వారం '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' తీసుకుంటే బాగుంటుంది.

అన్నయ్య కూడా 'హెవెన్ అండ్ హెల్' గురించి మీకు విడిగా రాస్తున్నాడు. నేను ఇందులో ఓజీ పక్షం మాట్లాడానని చదివి ఆయనకు కష్టం కలిగింది. చోటు చాలకపోతే నా ఉత్తరంలో 'టర్బో' పేరా తీసేయండి, ఆయన ఉత్తరం మాత్రం పూర్తిగా వేయండి. అందులో టైటిల్ పాట నాలుగున్నర నిమిషాల తర్వాత వేగం అందుకునే చోటు గురించి ఆయన రాసినది నాకు చదివి వినిపించాడు. ఆ చోటును నేను అలా ఎప్పుడూ వినలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వినికిడి పరీక్షల నిపుణురాలు